ఊదా తిరగని కాగితం

ఏడో లంక, తోడు గది పుస్తకం. ముప్పై ఒకటో ఏడు.
రాస్తున్నది: అచ్చాయమ్మ, తోడు చూసే మనిషి.

212వ రోజు

పోటు ఎక్కువగా ఉంది. గది కింద గొలుసులు పొద్దుటి నుంచి కిర్రుమంటూనే ఉన్నాయి. తోడు సీసాలు ఎనిమిదీ తీసి చూశాను. లెక్క యంత్రం చుక్కకు తొంభై కోట్ల సూక్ష్మజీవులని చూపించింది. నా పంతొమ్మిదేళ్ళ కొలువులో ఇంత లెక్క ఎన్నడూ రాలేదు. సీసాలకు పంచదార నీళ్ళు పోశాను, ఖాళీ అయినవి మరిగించాను, చేతులు మూడుసార్లు క్రిములు చంపే ఓజోను నీళ్ళతో కడుక్కున్నాను. ఇది రోజూ రాసేదే. సభ వారు చదవకుండా తిప్పేసే పేజీయే.

ఈ పూట కొంచెం ఆగి చదవండి.

కిందటి నెల సభలో చేరిన కుర్రవాళ్ళకు ఈ గదిలో ఏం జరుగుతుందో సరిగ్గా తెలియదని విన్నాను. వాళ్ళ కోసం రెండు ముక్కలు రాస్తాను. సముద్రం మీద తేలే మన లంకలో మట్టి లేదు, పశువు లేదు, కడగని గోడ లేదు. పుట్టిన బిడ్డ పొట్టలోకి చేరవలసిన మంచి సూక్ష్మజీవి తనంతట తాను చేరే దారి లేదు. అందుకని పాలకు తోడు వేసినట్టు బిడ్డకు మనమే తోడు వేస్తాం, మూడు పూటలా మూడు చుక్కలు. అది పొట్టలో నిలిచిందా లేదా అని పొత్తిగుడ్డ మీద శంఖుపూల రసంలో నానబెట్టిన కాగితం అద్ది చూస్తాం. నిలిస్తే పులుపు పుడుతుంది, కాగితం ఊదా తిరుగుతుంది. లేకపోతే నీలంగానే ఉంటుంది. ఊదా వచ్చిన రోజున బారసాల. అంతవరకు బిడ్డకు పేరు లేదు.

ఈ రోజు ఐదు గుడ్డలకు ఐదు కాగితాలు అద్దాను. ఐదూ నీలమే.

అందులో ఐదో బిడ్డ మా అమ్మాయి హైమ కూతురు. పుట్టి ఆరు రోజులు. ఆరు రోజులకు నీలం ఉండటం వింత కాదని రాయడం నా ధర్మం. మిగతా నలుగురి వయసు ఇరవై నాలుగు, ముప్పై ఒకటి, నలభై, యాభై రెండు రోజులు. ఈ ఏడు పుట్టిన ఆరో బిడ్డ కాంతానిది. ముప్పై మూడో రోజున, కిందటి నెల, పోయింది. ఆ మాట కూడా ఈ పుస్తకంలో నేనే రాశాను. అప్పుడు చెయ్యి వణకలేదు. ఈ పూట వణుకుతోంది. పరాయి బిడ్డ అయినప్పుడు ఒకలా, మనవరాలు అయినప్పుడు ఒకలా వణికే చెయ్యి మంచి చెయ్యి కాదని నాకు తెలుసు.

214వ రోజు

శుద్ధి అధికారి భూషణం గారు వచ్చారు. గడప దగ్గర బూట్లు కడిగించుకుని, లోపలికొచ్చి మళ్ళీ చేతులు కడుక్కుని, అప్పుడు సీసాల వైపు చూశారు.

"లెక్క తొంభై కోట్లండీ," అన్నాను.

"మరింకేం. తోడు బ్రహ్మాండంగా ఉంది. తేడా తల్లుల దగ్గరుందండి. నాచు ఉప్మాలో పీచు ఎక్కువైందేమో, తగ్గించమంటాను. మీరు చుక్కలు రెండింతలు చెయ్యండి. పొత్తిగుడ్డలు రెండుసార్లు మరగనివ్వండి."

"మీ మనవడి కాగితం కూడా నీలమేనండీ. నలభై రెండో రోజు."

ఆయన మళ్ళీ చేతులు కడుక్కున్నారు. "తెలుసండి. బారసాల గడువు యాభైకి జరిపాం," అన్నారు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి జ్వరంలో ఇద్దరు తమ్ముళ్ళను తన చేతులతో సముద్రంలో వదిలిన మనిషి ఆయన. అప్పటి నుంచి ఆయన కళ్ళకు తడి ఉన్న ప్రతిదీ రోగంలాగే కనబడుతుంది. లంక గేటు మీద "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని రాయించింది ఆయనే. మన దగ్గర అడుసే లేదు, అయినా కడుగుతూనే ఉంటాం.

216వ రోజు

రెండింతల చుక్కలు. కాగితాలు నీలం.

పాప పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు. ఈ రోజు రెండు కిలోల ఆరు వందల నలభై. పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోయాయి. పాలు తాగుతుంది, తాగిన కాసేపటికే కాళ్ళు ముడుచుకుని ఏడుస్తుంది, ఆపైన నీళ్ళలా విరేచనం. హైమకు పాలు బాగానే ఉన్నాయి. ఇంత పాలు ఎక్కడికి పోతున్నాయో తెలియడం లేదు.

"అమ్మా, దీన్ని ఏమని పిలవమంటావే?" అని అడిగింది హైమ. "ఏడుస్తుంటే ఊరుకోబెట్టాలంటే ఏదో ఒకటి అనాలి కదా. పాపా, పాపా అంటే నాకు ఏడుపొస్తోంది."

పేరు లేకపోతే పోయినప్పుడు బాధ తక్కువని మన వాళ్ళు ఈ పద్ధతి పెట్టుకున్నారు. పెట్టినవాళ్ళెవరో బిడ్డను కన్నవాళ్ళు మాత్రం కాదు.

217వ రోజు

పాత పుస్తకాలు దించాను. బారసాల తేదీలు ఒక్కటే వరసగా కాగితం మీద ఎక్కించుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి సంగతి తేలింది.

లంక కట్టిన కొత్తలో ఏడో రోజున బారసాల. పన్నెండో ఏడు వరకు ఏడో రోజే. పద్నాలుగో ఏట పదకొండో రోజుకు మారింది. పద్దెనిమిదో ఏట ఇరవై ఒకటి. "పూర్వం తెలుగువాళ్ళు ఇరవై ఒకటో రోజునే చేసేవారు, ఇదే అసలు సంప్రదాయం" అని అప్పుడు సభలో ఎవరో అంటే అందరం చప్పట్లు కొట్టాం. ఇరవై ఆరో ఏట నలభై. ఇప్పుడు యాభై అంటున్నాం.

కాగితం ఊదా తిరగడం ఏటేటా ఆలస్యమవుతుంటే మనం చేసిన పని ఇదీ. కాగితం ఎందుకు తిరగడం లేదని అడగలేదు. పండుగను వెనక్కి జరిపాం. పిల్లవాడికి చొక్కా బిగుతైతే చొక్కా మారుస్తాం, మనం పిల్లవాడు సన్నబడుతున్నకొద్దీ చొక్కా కుట్టి చిన్నది చేశాం. ప్రతి మార్పు కిందా నా సంతకం ఉంది.

సాయంత్రం హైమ దగ్గర రెండు చెంచాల పాలు పిండించుకుని, అందులో మన తొంభై కోట్ల తోడు చుక్క వేసి, వెచ్చగా మూతపెట్టి ఉంచాను. పక్కన పంచదార నీళ్ళలో ఇంకో చుక్క.

218వ రోజు

పంచదార నీళ్ళు తెల్లగా కలకబారి, పుల్లగా అయ్యాయి. పాలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి. కాగితం అద్దితే నీలం.

మన తోడుకు తల్లిపాలు తినడం చేతకావడం లేదు. పంతొమ్మిదేళ్ళు నేను పంచదార పెట్టి పెంచాను. పంచదార రుచి మరిగింది, పాలు మరిచింది. లెక్క పెరిగిందని మురిసిపోయాను. తిండిపోతును పోగుచేసి బలగం అనుకున్నాను. పాలలో కొన్ని చక్కెరలు బిడ్డకు అరగవు, అవి బిడ్డ కోసం కావు, తోడు కోసం. ఆ మాట నాకు ఈ పని నేర్పినావిడ మొదటి రోజే చెప్పింది. చెవిన పెట్టలేదు.

ఆవిడ పేరు నూకమ్మ. ఆవిడ కాలంలో గుమ్మం పక్కన ఒక ఉగ్గుగిన్నె ఉండేది. పాలిచ్చే తల్లి ఎవరు ఈ దారిన వెళ్ళినా అందులో నాలుగు చుక్కలు పిండి వెళ్ళేది. ఆ పాలే తోడుకు తిండి. పన్నెండో ఏటి పుస్తకం తెరిచి, ఏ పేజీ చూడకూడదనుకున్నానో అదే చూశాను. నా చేతి రాతే:

"88వ రోజు. నూకమ్మ గారు తోడులో కడగని పాలు కలుపుతున్నారు. చూసి రాశాను."

అంతే, ఒక్క వరస. సభ చదివింది. ఆవిడను లంక చివర గొలుసుతో కట్టిన పీతల తెప్ప మీదికి పంపారు. గిన్నె కరిగించారు. ఈ గది తాళం నాకిచ్చారు. అబద్ధం రాయలేదని ఇన్నాళ్ళూ నన్ను నేను ఊరడించుకున్నాను. చూసిందే రాశాను, నిజమే. ఎందుకు చేస్తోందని అడిగి రాయలేదు. నాకు తాళం కావాలి, అందుకని అడగలేదు. ఇది కూడా చూసిందే రాస్తున్నాను.

219వ రోజు

పీత పెంకుల సున్నం కావాలని చీటీ రాసుకుని, తాడు పడవలో పీతల తెప్పకు వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. తెప్పంతా నీచు వాసన, ఉప్పు, ఎండ. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు.

నూకమ్మకు కళ్ళు కనబడవు ఇప్పుడు. గోడకు జేరబడి పీతల వల అల్లుతోంది. నా అడుగు విని తలెత్తింది.

"ఎవరది, బూట్లేసుకుని వత్తన్నారు?"

"నేనండీ. అచ్చాయమ్మని."

వల అల్లడం ఆపలేదు. "అచ్చాయా. చేతులు కాలేయన్నమాట. ఆకుల కోసం వచ్చేవా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఐదుగురు బిడ్డలు, కాంతం బిడ్డ, మా పాప, పాలలో నిద్రపోతున్న తోడు. ఆవిడ వింటున్నంతసేపూ పక్కనే ఆవిడ మనవరాలు మరిడి ఏడు నెలల కొడుక్కి పాలిస్తోంది. వాడి తొడలకు మడతలు. నేను చెబుతూ చెబుతూ ఆ మడతలనే చూస్తున్నాను. నాకు ఆ పిల్లాడి మీద అసూయ కలిగింది, సిగ్గు లేకుండా.

"కాగితం ఉందా?" అంది మరిడి. వాడి గుడ్డ నా ముందుకు తోసింది. అద్దాను. నా వేళ్ళ మధ్యే కాగితం ఊదా తిరిగింది. అంత చిక్కటి ఊదా నేను చూసి పదిహేనేళ్ళయింది.

ఈ తెప్ప మీద పురిటి బిడ్డకు లంక నుంచి వచ్చే చుక్కలు వెయ్యరట. చుక్కలు సముద్రంలో పోసి, ముందు బిడ్డకు పాలిస్తున్న తల్లి కొత్త బిడ్డకు తొలి వారం పాలిస్తుందట. ఒక బిడ్డ నోటి నుంచి రొమ్ముకు, రొమ్ము నుంచి ఇంకో బిడ్డకు. నూకమ్మ ఇక్కడికి వచ్చిన నాటి నుంచి అదే పద్ధతి.

"ఇత్తాను," అంది నూకమ్మ. "బిడ్డ నీ మనవరాలని కాదు, బిడ్డని. కానీ ముందు నువ్వు రాసింది ఓపాలి చదువు. నాకు ఎవురూ చదివి వినిపించలేదు."

పుస్తకం తీసుకువెళ్ళలేదు. అవసరం రాలేదు. ఆ వరస కంఠతా వచ్చు. చెప్పాను.

"గారు అని రాసేవా," అంది నూకమ్మ. నవ్విందో లేదో తెలియలేదు. "సరే. ఆ చేత్తోనే దీన్నీ రాద్దువు గాని. ఇప్పుడే కాదు. ఇప్పుడు రాసి చూపిత్తే మరుగు నీళ్ళు పోత్తారు. తోడు ఓ ఇంట్లోనే ఉంటే పారబోయడం తేలిక. పదిళ్ళల్లో ఉంటే ఎవడు పారబోత్తాడు? ముందు పంచు. తరవాత చూపించు."

మరిడి పాలు, పిల్లాడి గుడ్డ మీది గోరంత మురికి, చిన్న సీసాలో మూతబిగించి నా తోడు పెట్టెలో పెట్టుకున్నాను. లంకలోకి వచ్చే ప్రతి వస్తువూ గేటు దగ్గర కడుగుతారు, ఈ ముద్ర వేసిన పెట్టె ఒక్కటే కడగరు. తోడు చచ్చిపోతుందని. పంతొమ్మిదేళ్ళ నమ్మకం నా సంకలో పెట్టుకుని గేటు దాటాను. కాపలా మనిషి నమస్కారం పెట్టాడు.

వచ్చేటప్పుడు మరిడి ఒక మాట చెప్పింది. తెప్ప మీద ఒకతనికి మూడు రోజుల నుంచి విరేచనాలు. సీసాను పరీక్షించకుండా పాపకు వెయ్యను.

220వ రోజు

సీసాలోది నాలుగు చుక్కలు నాచు జిగురు పోసిన గాజు పళ్ళెం మీద పరిచాను. పాత జ్వరం క్రిమి ఉంటే మూడో రోజుకు పచ్చటి మచ్చలు లేస్తాయి. మూడు రోజులు ఆగాలి. పాప రెండు కిలోల ఐదు వందల అరవై. ఉప్పు పంచదార నీళ్ళు చెంచాతో పడుతున్నాం.

మిగిలిన సీసాకు తిండి కావాలి, పాలు కావాలి. హైమకు చెప్పక తప్పలేదు. అంతా చెప్పాను, నూకమ్మ సంగతి, పంచదార సంగతి, బారసాలల సంగతి.

హైమ పాపను నా ఒళ్ళోంచి తీసుకుని గది ఆ చివరికి వెళ్ళింది. పాలు పిండి గిన్నె గుమ్మంలో పెట్టింది. నా చేతికి ఇవ్వలేదు.

221వ రోజు

శుద్ధి దళం పీతల తెప్పకు వెళ్ళింది. విరేచనాల కబురు సభకు తెలిసింది. నేను చెప్పలేదు. ఈ మాట నూకమ్మ నమ్ముతుందో లేదో.

సభ వారికి కట్టడి గుర్తుచేయనక్కరలేదు గానీ రాసి ఉంచుతాను. ఏడో కట్టడి: కడగని తోడు గానీ రోగం గానీ ఎక్కడ దొరికినా, అది చేరిన చోటును, చేరిన మనుషులందరినీ కడగాలి. మనిషిని కడగడమంటే మూడు రోజులు గుడారంలో ఓజోను నీళ్ళు, గొట్టంతో పొట్టలోకి మందు. పెద్దవాళ్ళు వారంలో లేస్తారు. మరిడి కొడుకును కూడా గుడారంలోకి తీసుకువెళ్ళారని పడవవాడు చెప్పాడు.

అంటే వాడి పొట్టలోది పోయింది. ఇక ఈ లోకంలో, నాకు తెలిసినంత వరకు, ఆ తోడు నా చిన్న సీసాలో రెండు చెంచాలు మాత్రమే ఉంది. సీసాను పెట్టెలో పెట్టలేక, గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని తిరుగుతున్నాను. ఒంటి వేడికి బాగుంటుంది.

222వ రోజు

పళ్ళెం మీద మచ్చ లేదు. అద్దం పెట్టి చూశాను, దీపం మార్చి చూశాను, కడిగిన కళ్ళతో మళ్ళీ చూశాను. లేదు.

అయినా భయం పోలేదు. పళ్ళెం మూడు రకాల క్రిములనే చూపించగలదు. నాలుగోది ఉంటే? హైమ ముందు పళ్ళెం పెట్టి ఈ మాట కూడా చెప్పాను. "తల్లివి నువ్వు. వెయ్యమంటే వేస్తాను, వద్దంటే లేదు."

పాప ఏడవడం కూడా మానేసింది. అదే హైమను తేల్చుకునేలా చేసిందనుకుంటాను. "నువ్వు వెయ్యకు. నేనే వేస్తాను," అంది. తన వేలికి అద్దుకుని పాప నోట్లో పెట్టింది. పాప ఆ వేలు చీకింది, బలం లేకుండా.

225వ రోజు

నీలం. రెండు కిలోల ఐదు వందల ముప్పై. హైమ నాతో పని ఉన్న మాటలే మాట్లాడుతోంది.

227వ రోజు

నీలం. విరేచనం నిన్న పదకొండుసార్లు, ఇవాళ ఏడు. దీన్ని మంచి అని రాయడానికి భయంగా ఉంది. ఏడు అని మాత్రమే రాస్తున్నాను.

229వ రోజు

కాగితం అంచున మాత్రం రంగు మారింది. హైమను పిలిచాను. "నీ కళ్ళకు అలా కనబడుతోంది," అంది. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి తను చూసింది. తిరిగి వచ్చేటప్పుడు పాపను నా ఒళ్ళో పడుకోబెట్టి గుడ్డలు ఉతకడానికి వెళ్ళింది.

230వ రోజు

ఊదా.

బరువు రెండు కిలోల ఆరు వందల పది. తాగిన పాలు పొట్టలో ఉన్నాయి. పొద్దున గంటన్నర నిద్రపోయింది. నేను ఏడ్చాను, గది తలుపు వేసుకుని, పుస్తకం తడవకుండా పక్కన పెట్టి.

231వ రోజు

పొత్తిగుడ్డలు మరిగించే తొట్టి దగ్గర తల్లులు నలుగురూ ఉన్నారు. కాంతం కూడా ఉంది. గుడ్డలు లేకపోయినా రోజూ వస్తుంది. హైమ పాపను ఎత్తుకుని వచ్చి కాగితం అందరికీ చూపించింది. తర్వాత నేను చెప్పాను. దాచలేదు. పంచదార నా తప్పని, బారసాలలు జరపడం నా సంతకమని, ఇది కడగని తోడని, సభకు చెప్పలేదని, కట్టడి ఏమంటుందో కూడా.

భూషణం గారి కూతురు ఇందుమతి మొదట అడిగింది. "మా నాన్నగారికి తెలిస్తే?"

"తెలుస్తుందమ్మా. నెలాఖరుకి పుస్తకం సభకు వెళ్తుంది. అన్నీ రాసే ఉంచాను."

"రాశారా?" ఆశ్చర్యపోయింది. "రాయకుండా ఉంటే పోయేది కదండీ."

చూసింది రాయకుండా ఉండటం నాకు చేతకాదు. ఆ పురుగు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అప్పుడు కాంతం నోరు విప్పింది. గట్టిగా కూడా కాదు. "ఇదంతా కిందటి నెలలో ఎందుకు గుర్తురాలేదండీ మీకు?"

నా మనవరాలు కాదు కనుక అన్నదే జవాబు. అది ఆవిడకూ తెలుసు. తొట్టిలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. కాంతం లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకింకా పాలు పడుతున్నాయండి," అంది. "ఆపుదామంటే ఆగట్లేదు. తోడుకి తిండి కావాలన్నారు కదా. గిన్నె తెండి."

234వ రోజు

వంటింటి నుంచి ఉగ్గుగిన్నె ఒకటి తెచ్చి గుమ్మం లోపల, తలుపు చాటున పెట్టాను. కాంతం మూడు పూటలా వస్తోంది. చిన్న సీసా ఇప్పుడు నాలుగు సీసాలైంది. లెక్క చుక్కకు ఆరు కోట్లే. పాలలో వేస్తే పూట తిరిగేసరికి పులుస్తోంది.

నలుగురు బిడ్డలకూ తల్లులే వేశారు, మూడు రోజులయింది. నా చేతితో ఎవరికీ వెయ్యలేదు.

మధ్యాహ్నం భూషణం గారు వచ్చారు. పంచదార వాడకం ఎందుకు తగ్గిందని అడిగారు. పుస్తకం చూస్తానన్నారు. గిన్నె తలుపు చాటున ఉంది, ఆయన తలుపు పట్టుకునే నిలబడ్డారు.

"పుస్తకం రెండు వందల నలభయ్యో రోజున సభకే వెళ్ళాలండి, మధ్యలో ఎవరికీ చూపకూడదు. ఆ కట్టడి మీరు రాసిందే."

తను పెట్టిన ముడి తనకే తగిలితే మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది. "నేను రాసిందే," అని వెళ్ళిపోయారు. తలుపు గడియ వేసి, గిన్నెను చేతుల్లోకి తీసుకున్నాను.

237వ రోజు

ఇందుమతి కొడుకు ఊదా. అరవై ఐదో రోజున. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఊదా, ఒకరికి అంచు మారింది.

239వ రోజు

ఆ ఒక్కరు కూడా ఊదా.

పీతల తెప్ప మీద వంతులవారీగా అందరినీ కడగడం ముగిసి గుడారాలు విప్పారు. మరిడి కొడుకు బతికాడు గానీ, వాడి మడతలు పోయాయి, కాగితం నీలం, పాలు నిలవడం లేదు. పొద్దున హైమ పాపను ఎత్తుకుని తాడు పడవ ఎక్కింది. నేనూ వెళ్ళాను. మరిడి రొమ్ముకు మా పాపను అందించింది. పాప తాగింది. ఆ తర్వాత అదే రొమ్ముకు తన కొడుకును పెట్టుకుంది మరిడి. ఎక్కడి నుంచి తెచ్చామో అక్కడికే చేర్చాం.

నూకమ్మ పాప తొడ తడిమి చూసింది. "పేరెట్టేరా?"

"ఇవాళే," అంది హైమ.

ఇంటికొచ్చి పన్నెండో ఏటి పుస్తకం తీసి, ఆ 88వ రోజు వరస కింద రాశాను: "ఆవిడ చేసింది సరైన పని. నాకు తెలియక కాదు, అడగక పోగొట్టాను. అచ్చాయమ్మ."

240వ రోజు

సభ వారికి. ఈ పుస్తకం ఈ పూట మీ చేతికి వస్తుంది. మొదటి నుంచి చదివి ఉంటే మీకు అంతా తెలిసిపోయి ఉంటుంది. తప్పించుకునే ఉద్దేశం లేదు, గది తాళం పుస్తకంతో పాటే పంపుతున్నాను. దానికి కొత్త మనిషిని చూసుకోండి, కాంతం ఈ పని నేర్చుకుంది.

ఏడో కట్టడి ప్రకారం కడగని తోడు చేరిన వారందరినీ కడగాలి. సీసాలు మరిగిస్తే సరిపోదు, అది ఇప్పుడు సీసాల్లో లేదు. చేరిన వారి పేర్లు రాస్తున్నాను. లంకలోని ఐదుగురికీ నిన్న బారసాల జరిగింది, ఆరుగురికీ పేర్లున్నాయి.

సముద్రాలు, కాంతం పక్కింటి వారి అమ్మాయి. గోపయ్య. తులసమ్మ. పీతల తెప్ప మీద మరిడి కొడుకు నూకరాజు, ఒకసారి కడిగినవాడు. మా హైమ కూతురు అన్నపూర్ణ. ఇందుమతి కొడుకు వెంకటభూషణం, తాతగారి పేరు.

ఎవరితో మొదలుపెట్టాలో నేను నిర్ణయించలేను. భూషణం గారూ, కడిగే చీటీ మీద మొదటి సంతకం మీదే కనుక కింద గీత గీసి ఉంచాను. పేరు మీ చేత్తో రాయండి.

మొదట కడగవలసిన బిడ్డ: ______________